అరవై నాలుగు వంతుల క్రాన్‌బెర్రీ మడి

హార్విచ్, కేప్ కాడ్
1855 మార్చి 12

హిట్టీ తల్లీ, అమ్ముడుపోయాయి! అరవై నాలుగు వంతులూ ఒక్కటి మిగలకుండా అమ్ముడుపోయాయి! ఆఖరి రెండూ నిన్న ప్రార్థన ముగిశాక చర్చి మెట్ల మీదే మన కమ్మరి తీసుకున్నాడు. పాస్టరు గారు నా వంక అదోలా చూశారు. చూడనీ. ఆయనకీ ఒకటి అంటగట్టబోతే జేబులు తడుముకుని నవ్వేశారు.

అక్షరాలు వంకరపోతే వయసు వల్ల అనుకోకు, సంతోషం వల్ల. మూడు నెలలుగా ఇల్లిల్లూ తిరిగాను తల్లీ. ఎన్ని ఇళ్ళలో ఎన్ని కప్పుల టీ తాగానో లెక్కలేదు, కడుపంతా టీయే. కెప్టెన్ ఈనస్ క్రాస్బీ ఇరవై వంతులు తీసుకున్నాడు. ఆ పేరు కాగితం మీద పడ్డాక మిగతా కెప్టెన్లు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. బెతయా వదిన ఎనిమిది తీసుకుంది. మొగుడు పోయాక ఆవిడ దేనికీ చేయి చాచింది లేదు, పైసా తీసింది లేదు, నా మాట మీద తీసింది. నావి పన్నెండు! స్కూనరు ఓడలో నాకున్న వంతులన్నీ అమ్మేసి దీంట్లో పెట్టాను. వచ్చే వారం గొడ్డళ్ళు పడతాయి.

పేరేం పెట్టామో తెలుసా? ‘మెహితబెల్’. నీ పేరే! క్రాస్బీ వాళ్ళావిడ పేరు పెట్టమన్నాడు. “కెప్టెన్ గారూ, మీ ఆవిడ పేరున ఇప్పటికే రెండున్నాయి, అందులో ఒకటి మునిగింది కూడా” అన్నాను.

అల్లుడు తిరిగొచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంటుంది. ఇక అతను తిమింగలాల వెంట నాలుగేసి ఏళ్ళు పోనక్కర్లేదు. దీని పెత్తనం అతనికే ఇప్పిస్తాను. నేను ఇంత తిరిగింది అందుకే. మీ అమ్మ నాకు పిచ్చి పట్టిందంటోంది. నీకూ ముద్దులు పంపింది, పిచ్చి మాట రాయవద్దంది.

ఆనందం పట్టలేక,
మీ నాన్న
బార్జిలై డోన్


న్యూ బెడ్‌ఫర్డ్
1855 మార్చి 19

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మూడోసారి చదవబుద్ధి కాలేదు.

నా తమ్ముడు జోసయ్య పోయి అయిదేళ్ళు కూడా కాలేదు. వాడు ఎక్కిన పడవలో నువ్వు వంతుదారువి. వాడి పెట్టె ఒక్కటే తిరిగొచ్చిన రోజున అమ్మ బైబిలు మీద చేయి వేసి ఏమన్నావు? ఉప్పునీటి మీద తేలే చెక్కలో ఇక పైసా పెట్టనన్నావు. స్కూనరులో వంతులు మాత్రం అమ్మలేకపోతున్నానంటే సరే అనుకున్నాను. ఇప్పుడు అవి అమ్మి, ఇంకా పెద్ద ఓడలో పెట్టావా? పైగా దానికి నా పేరా? నా పేరున్న ఓడ మునిగిందని ఏ రోజు ఎవరి నోట వినాలి నేను?

ఎల్నాథన్‌కి పెత్తనం ఇప్పిస్తానంటున్నావు. కెప్టెన్ అయితే మాత్రం నీటి మీద కాక నేల మీద ఉంటాడా? మా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. కలిసి ఉన్నది పదకొండు నెలలు, నేను లెక్కపెట్టుకున్నాను. అతను కెప్టెన్ కావాలని నాకు లేదు నాన్నా. పొద్దున లేచి పనికి వెళ్ళి, సాయంత్రానికి ఇంటికొచ్చే మనిషి కావాలి.

ఇక్కడ నేను నావికుల చొక్కాలు కుట్టి బతుకుతున్నాను. వారానికి ఇరవై. ఒక్కో చొక్కా ఎవరు వేసుకుని పోతాడో, ఎక్కడ మునుగుతాడో అనుకుంటూ కుడతాను. నీకు ఇదంతా తెలుసు, తెలిసే చేశావు.

మెహితబెల్


హార్విచ్
1855 మార్చి 26

అయ్యో నా పిచ్చితల్లీ,

ఓడ కాదే! మడి! ఎర్రటి పుల్లకాయలు కాసే క్రాన్‌బెర్రీ మడి!

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపిస్తుంటే సగంలోనే నడుం పట్టుకుని నవ్వింది. “మూడు పేజీలు గిలికావు, వస్తువేమిటో రాయడం మరిచావు” అంది. నిజమే, రాయలేదు. మూడు నెలలుగా ఊళ్ళో ఇదే మాట కదా, నీకూ తెలుసనుకున్నాను. నేను ఒట్టు తప్పలేదు. ఇది ఉప్పునీటి మీద తేలదు, మంచినీటి కింద పడుకుంటుంది.

బాతుల కుంట వెనకాల మా నాన్న నాకు వదిలిన దేవదారు బురద గుర్తుందా? చిన్నప్పుడు నీ ఎడమ చెప్పు మింగేసింది, అదే. పన్ను కట్టడానికి తప్ప పనికిరాదనుకున్నాం. నాలుగెకరాల ఆ బురదకు బదులుగా నాకు కొన్ని వంతులిచ్చారు, కొన్ని పనికి, మిగతావి స్కూనరు డబ్బుకు. ఈ ఊళ్ళో కెప్టెన్లకు ఇంకో రకంగా డబ్బు పెట్టడం రాదు. ఎకరాలు చెప్పి, సగం నాది సగం నీది అంటే నా మొహం వంక చూశారు. అరవై నాలుగు వంతులు, ఓడలకు చేసినట్టే, అన్నాను. వెంటనే కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. పేరు కూడా అందుకే. పేరు లేనిదాంట్లో వంతు ఎలా కొంటామన్నారు!

ఇప్పుడు చెట్లు కొట్టిస్తున్నాం. తర్వాత పైపొర గడ్డి పెళ్ళలు పెళ్ళలుగా కోసి ఎత్తిపోయాలి. నేల చదును చేసి, బోదెలు తవ్వి, చుట్టూ కట్ట వేసి, కుంట వైపు ఒక తూము, దిగువన ఒక తూము. చలికాలం నీళ్ళు పెట్టి తీగల్ని మంచు నుంచి దాచాలి, వసంతం రాగానే దిగువ తూము ఎత్తి నీళ్ళు వదిలెయ్యాలి. ఆ నల్లమట్టి మీద నాలుగు వేళ్ళ మందాన ఇసుక. ఇసుక పడితేనే తీగ వేరు పట్టేది. ఆ పైన నాట్లు. నాటాక మూడో ఏటికి పంట. సరిగ్గా అల్లుడు దిగే ఏడు!

తూములు నేనే కడుతున్నాను. నలభై ఏళ్ళు ఓడలు కట్టినవాడికి తూము ఒక లెక్కా?

ఇప్పుడైనా నవ్వు.

నీ బురద నాన్న


న్యూ బెడ్‌ఫర్డ్
1856 ఫిబ్రవరి 3

ప్రియమైన నాన్నకు,

పోయిన వారం థాంక్‌ఫుల్ పిన్ని వచ్చింది. నువ్వు రాయనివన్నీ చెప్పింది. పొయ్యి చీలిందట, ఇంట్లో పొగట, అమ్మ కిటికీ తెరుచుకుని వంట చేస్తోందట. నువ్వేమో బూట్లకు తాళ్ళు చుట్టుకుని చేతిబండితో ఇసుక తోలుతున్నావట. అరవై ఆరేళ్ళ మనిషివి! “మీ నాన్న నెత్తిన టోపీ లేకపోతే ఇసుక కుప్ప ఏదో, మనిషి ఏదో తెలియలేదే” అంది పిన్ని. నేను నవ్వలేదు.

ఇందులో యాభై డాలర్లు పెడుతున్నాను. రెండేళ్ళుగా పక్కన పెట్టుకున్నవి. ఎల్నాథన్‌ని అడగాల్సిన పనిలేదు, అతను వెళుతూ అన్ని విషయాల్లోనూ తన తరఫున నేనే సంతకం చేసేలా కాగితం రాసి ఇచ్చాడు. ఏది ముందు అవసరమో నీకే తెలుసు, దానికి వాడు. దగ్గు ఎలా ఉందో రాయి, దాచిపెట్టకు.

అతని నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఏడు నెలల కిందట రాసింది. బాగానే ఉన్నాడు, అంటే అప్పటికి బాగానే ఉన్నాడు.

నీ కూతురు
హిట్టీ


హార్విచ్
1856 ఫిబ్రవరి 11

నా బంగారు కొండకు,

నువ్వు కూడా వచ్చేశావు! నాకు తెలుసు, ఏదో ఒక రోజు వస్తావని తెలుసు! కవరు విప్పి నోట్లు చూసి కుర్చీలోంచి ఎగిరి లేచాను. “ఏది ముందు అవసరమో నీకే తెలుసు” అని రాశావు చూడు, ఆ మాట దగ్గర కళ్ళు తడిశాయి. ఇంతమంది కెప్టెన్లున్నారు, ఒక్కరూ నన్ను అంత నమ్మలేదు.

దేవుడి దయ ఎలా ఉందో చూడు. కమ్మరి ఒహాయో వెళ్ళిపోతూ తన రెండు వంతులు అమ్మకానికి పెట్టాడు, సరిగ్గా యాభై డాలర్లకు! అదే రోజు మధ్యాహ్నం కొనేశాను. పుస్తకంలో పేరు రాయించాను: ఎల్నాథన్ బ్యాంగ్స్, రెండు వంతులు. ఇక అల్లుడు ఒకరి దగ్గర పనికి కుదిరేవాడు కాదు, వంతుదారు!

ఇసుక అయిపోవచ్చింది. బోదెలు తవ్వడానికి వచ్చిన ఐర్లండు వాళ్ళు నలుగురు నాకంటే కెప్టెన్లనే ఎక్కువ నవ్వించారు. క్రాస్బీ కట్ట మీద నిలబడి, ఓడ మీద అరిచినట్టు అరుస్తాడు. వాళ్ళలో ఒకడు పార మీద చేయి ఆన్చి, “అయ్యా, గాలి ఎటు నుంచో చెప్పండి, ఆ వైపే తవ్వుతాం” అన్నాడు. ఏప్రిల్‌లో నాట్లు.

దగ్గు లేదు. ఉన్నా ఈ ఉత్తరంతో పోయింది.

మీ అమ్మ పొయ్యి సంగతి ఏదో రాయమంటోంది. తర్వాత రాస్తాలే.

ఉప్పొంగిపోతూ,
నాన్న


న్యూ బెడ్‌ఫర్డ్
1856 ఫిబ్రవరి 18

నాన్నా,

పొయ్యికి పంపాను. పొయ్యికి, బూట్లకి, డాక్టరుకి!

ఇక నీకు రాయను. అమ్మకు విడిగా రాస్తున్నాను. అందులో ఎనిమిది డాలర్లున్నాయి, ఆ కవరు నువ్వు ముట్టుకోవద్దు.

మెహితబెల్


హార్విచ్
1857 నవంబరు 9

హిట్టీ తల్లీ,

దాదాపు రెండేళ్ళుగా నువ్వు అమ్మకే రాస్తున్నావు, నాకు రాయడం లేదు. అమ్మ చదివి వినిపిస్తుంది, నా పేరు వచ్చిన చోట గొంతు తగ్గిస్తుంది. నేను తప్పు పట్టను. కానీ ఇప్పుడు నేను రాయక తప్పదు.

బోస్టన్ బ్యాంకులు తలుపులు మూసిన సంగతి నీకు తెలుసు. ఇక్కడ కెప్టెన్ల చేతుల్లో చిల్లర ఆడటం లేదు. తీగలు మాత్రం, తల్లీ, నువ్వు చూడాలి! ఇసుక కనబడకుండా అల్లుకున్నాయి. అయితే కాయలు ఈసారి రెండు పీపాలే. మూడో ఏడు కదా పంట, అని మొదటి రోజే చెప్పాను. కానీ వీళ్ళది ఓడ బుద్ధి. నిన్న క్రాస్బీ ఇంట్లో వంతుదారుల సభ. క్రాస్బీ లేచి, “రెండేళ్ళు తిరిగి ఓడ ఖాళీగా వస్తే ఏం చేస్తాం? అమ్మేస్తాం” అన్నాడు. “కెప్టెన్ గారూ, ఇది ఎక్కడికీ తిరగలేదు, ఇక్కడే ఉంది” అన్నాను. “అదే నేననేది, బార్జిలై. కదలని ఓడ” అన్నాడు. అందరూ నవ్వారు.

ప్లిమత్ వైపు నుంచి ఒకాయన వచ్చాడు, తీగలన్నీ పీక్కుపోతాడట, పెట్టినదాంట్లో మూడో వంతు ఇస్తాడట. బెతయా వదిన బల్ల మీద గుద్ది, “నా ఎనిమిదింటిలో ఒక్క తీగ ముట్టుకుంటే చేతులు విరుస్తా” అంది. ఓట్లు వేశారు. వంతుకో ఓటు, ముప్పై మూడు ఎటు పడితే అటు. అమ్మాలన్నవి ముప్పై ఒకటి. వద్దన్నవి ముప్పై ఒకటి.

మిగిలినవి ఎల్నాథన్ బ్యాంగ్స్‌వి రెండు.

అతను ఏ సముద్రంలో ఉన్నాడో! అతని తరఫున సంతకం నీది. డిసెంబరు ఒకటి లోపు నీ మాట రాతపూర్వకంగా చేరాలన్నారు. అమ్మమంటే నీకు పదహారు డాలర్ల చిల్లర వస్తుంది. ఉంచమంటే వచ్చే శరత్కాలం దాకా ఏమీ రాదు, ఆ తర్వాత కూడా రాకపోవచ్చు. తీగలు పోతే అల్లుడికి నేల మీద నేను చూపించగలిగిన పని ఇంకేమీ లేదు, అది కూడా నిజమే చెబుతున్నాను.

నీకు సరి అనిపించిందే రాయి. నేను బతిమాలను.

బతిమాలుతున్నాను తల్లీ.

నాన్న


న్యూ బెడ్‌ఫర్డ్
1857 నవంబరు 21

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం అందిన రోజున “అమ్మండి” అని రాసి కవరు అంటించాను. టపా కార్యాలయానికి వెళుతూ చొక్కాల మూట ఇవ్వడానికి ఓడలకు సరుకులు అమ్మే దుకాణంలో ఆగాను. అక్కడ ఒక తిమింగలాల ఓడ కెప్టెన్ గుమాస్తాతో గొడవ పడుతున్నాడు.

“ఇరవై పీపాలు అడిగాను, నాలుగా ఇచ్చేది?”

“ఉన్నవి నాలుగే సార్. కేప్ కాడ్ నుంచి ఇంకా రావాలి.”

“నా మనుషులకు చిగుళ్ళు చివికితే నువ్వొచ్చి ఈటెలు విసురుతావా?”

“నేను విసిరితే మీ మనుషులకే తగులుతాయి సార్. వేరే దుకాణంలో అడగండి. వాళ్ళ దగ్గరా లేవు, అది కూడా నేనే చెబుతున్నాను.”

ఆ పీపాల్లో ఏముందో అడిగాను. క్రాన్‌బెర్రీలట. నీళ్ళు పోసి మూత బిగిస్తే ఏళ్ళ తరబడి ఉంటాయట, అవి తిన్నవాళ్ళకు ఆ జబ్బు రాదట. బ్యాంకులు మూసినా ఈ ధర తగ్గలేదన్నాడు గుమాస్తా. నేను అక్కడే మూట మీద కూర్చుని ఆలోచించాను. ఎల్నాథన్ క్రితం సారి నాలుగు పళ్ళు పోగొట్టుకుని వచ్చాడు, నీకు చెప్పలేదు. ఈ ఊరి ఓడలన్నిటికీ కావలసినవి మనకు బురదలో కాస్తాయంటే, పీక్కుపోనిస్తామా?

కవరు చించేశాను. కింద రాసిన వాక్యం సభలో చదువు. నవ్వకుండా చదువు, నీ సంగతి నాకు తెలుసు.

“ఎల్నాథన్ బ్యాంగ్స్ తరఫున ఆయన భార్య మెహితబెల్ బ్యాంగ్స్ మాట: రెండు వంతులూ మడి ఉంచడానికే. అమ్మకూడదు.”

పొయ్యి విషయంలో నీ మీద కోపం ఇంకా ఉంది. ఇది వేరు, అది వేరు.

హిట్టీ


హార్విచ్
1858 మే 27

చిట్టితల్లీ,

థాంక్‌ఫుల్ పిన్ని నాకంటే ముందే రాసి ఉంటుంది. నా మరదలికి మంచి కబురు మోయాలంటే మోకాళ్ళ నొప్పులు, చెడు కబురైతే పరుగు. మడి మునిగిందని రాసిందా? నిజమే. నెలా పదిహేను రోజులు ఉండకూడని నీళ్ళ కింద ఉంది. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు.

పోయిన శరత్కాలంలో దిగువ తూము కారుతోందని క్రాస్బీ వెక్కిరించాడు. “ఓడల వడ్రంగివి, బక్కెట్టు కట్టలేకపోయావు” అన్నాడు. ఆ మాట గుండెలో గుచ్చుకుంది. తూము పలకల సందుల్లో నారపీచు కూరి, సుత్తితో దిగ్గొట్టి, పైన మరిగే తారు పోశాను. ఓడ అడుగుకు చేసినట్టే, మూడు వరసలు. ఒక్క బొట్టు కారలేదు! మురిసిపోయాను. చలికాలమంతా చెక్క నానింది, ఉబ్బింది. ఏప్రిల్ పదిన తూము ఎత్తబోతే కదలదు. తూము అంటే ఎత్తడానికి ఉంటుందన్న సంగతి మరిచి, తెరవకూడనిదాన్ని కట్టాను. ఓడ అడుగుని ఎవరైనా తెరుస్తారా? నా చేతులకు ఆ పని తెలియదు తల్లీ.

పక్క మడుల వాళ్ళంతా ఏప్రిల్‌లోనే నీళ్ళు వదిలేశారు. వాళ్ళ తీగలు ఎండలో పచ్చగా చిగురిస్తుంటే మనవి అద్దం కింద బొమ్మల్లా ఉన్నాయి. క్రాస్బీ పాత ఓడ నుంచి లంగరు చుట్టే చక్రం తెప్పించాడు. ఎనిమిది మంది కెప్టెన్లు, అందరికీ కలిపి అయిదు వందల ఏళ్ళు, పాట పాడుకుంటూ తిప్పారు. తూము కదల్లేదు, చక్రమే ఊడి వచ్చింది. క్రాస్బీ వెల్లకిలా బోదెలో పడ్డాడు. టోపీ తేలింది, కెప్టెన్ తేలలేదు. లాగి తీశాం. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఇరవై ఒకటిన మంచు కూడా కురిసింది, ఈ నెలలో! పక్కవాళ్ళు మొహాలు వేలాడేసుకుని తిరుగుతున్నారు. వాళ్ళ సంగతి అడిగే మనసు నాకు లేదు. నిన్న రంపం తీసుకుని వెళ్ళి, నా చేత్తో కట్టిన తూమును నా చేత్తో కోశాను. నీళ్ళు బుసకొట్టుకుంటూ పోయాయి.

తీగలు చచ్చాయో బతికాయో ఇంకా తెలియదు. అల్లుడు అక్టోబరులో దిగుతాడు. పంట తేలేదాకా ఇక రాయను. రేవు చేరకముందు సరుకు గురించి మాట్లాడకూడదు.

తలవంచుకుని,
నాన్న


న్యూ బెడ్‌ఫర్డ్
1858 అక్టోబరు 5

ప్రియమైన నాన్నకు,

ఎల్నాథన్ వచ్చేశాడు. పోయిన మంగళవారం. సన్నబడ్డాడు, జుట్టు నెరిసింది, కానీ రెండు చేతులూ రెండు కాళ్ళూ ఉన్నాయి. ఇంటి మధ్యలో నిలబడి ఎక్కడ కూర్చోవాలో తెలియక నా వంక చూస్తున్నాడు, చుట్టం వచ్చినట్టు.

దిగిన మూడో రోజుకే ఓడ యజమానుల మనిషి మా గుమ్మం ఎక్కాడు. ఈసారి మొదటి మేటు, అంటే కెప్టెన్ తర్వాతి పదవి, నాలుగేళ్ళు. శనివారం సంతకం పెట్టాలి. ఎల్నాథన్ “చూద్దాం” అన్నాడు. అతని నోట ఆ మాట వచ్చిందంటే సగం వెళ్ళినట్టే. నేల మీద నాకు ఏం పని వచ్చు హిట్టీ, అంటున్నాడు. మడి ఉందని చెబుదామంటే, నువ్వు మే నెల నుంచి ఒక్క ముక్క రాయలేదు. పిన్ని రాసింది బురద, బురద, బురద. అమ్మ రాసింది, “మీ నాన్న నా చేత ఒట్టు పెట్టించాడు, ఏమీ చెప్పను” అని.

చొక్కాల పని మధ్యలో వదిలి నేను రాలేను. అతన్నే పంపుతున్నాను, గురువారం బండికి దిగుతాడు. మడి చచ్చి ఉంటే చచ్చిందని చూపించు. అతనికి అబద్ధం చెప్పకు, అతను సంతకం పెట్టేది అదే నమ్మి. బతికి ఉంటే, నాన్నా, నీ జన్మలో మొదటిసారి మాటలు తక్కువ వాడి, మడినే చూపించు.

కుడుతున్న ప్రతి చొక్కా అతనిదే అనిపిస్తోంది.

నీ హిట్టీ


హార్విచ్, మడి గట్టు మీద
1858 అక్టోబరు 8

ఉండిపోతున్నాడు తల్లీ! ఉండిపోతున్నాడు! అల్లుడు ఉండిపోతున్నాడు!

పీపా మీద కాగితం పెట్టి రాస్తున్నాను, చుట్టూ గోల, క్షమించు. మధ్యాహ్నం బండివాడి చేతికిచ్చి, సంచిలో వెయ్యొద్దు, జేబులో పెట్టుకో అని చెప్పి పంపుతున్నాను.

నిన్న దిగాడు. నీ మాట ప్రకారం నోరు మూసుకుని నడిపించుకొచ్చాను. దేవదారు చెట్లు దాటి కట్ట ఎక్కాడు. ఎక్కి ఆగిపోయాడు. నాలుగెకరాలూ ఎరుపు! ఆకు కనబడదు, ఇసుక కనబడదు, ఒకటే ఎరుపు! బడికి సెలవిచ్చేశారు, ఊరి ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద వరసలు కట్టి కోస్తున్నారు. వరసకీ వరసకీ మధ్య దారం. మీ అమ్మ దారం దాటి పక్కవాళ్ళ వరసలోకి చేయి పెడుతోందని బెతయా వదిన అరుస్తోంది. మీ అమ్మ, “నీ కాయలే నా బుట్టలోకి దొర్లుతున్నాయి, వాటికి చెప్పుకో” అంటోంది.

ఇప్పటికి నూట నలభై ఏడు పీపాలు. ఇంకా దక్షిణం మూల ముట్టుకోలేదు.

ఎలాగంటావా? పక్క మడులన్నీ ఏప్రిల్‌లో నీళ్ళు వదిలాయి కదా, మే ఇరవై ఒకటి మంచు వాళ్ళ మొగ్గల్ని మాడ్చేసింది. మిగిలినవి జూన్‌లో పురుగు తినేసింది. మన మొగ్గలు అప్పటికి నీళ్ళ కింద నిద్రపోతున్నాయి! మంచు తగల్లేదు, పురుగు గుడ్లు ఊపిరాడక చచ్చాయి. ఈ చుట్టుపక్కల ఈ ఏడు పంట ఉన్న మడి మెహితబెల్ ఒక్కటే. బోస్టన్ వ్యాపారి తానే బండి కట్టుకుని వచ్చాడు, పీపాకు పది డాలర్లన్నాడు, క్రాస్బీ పన్నెండన్నాడు, పన్నెండే! పెట్టినదంతా ఒక్క పంటలో తిరిగొచ్చేస్తోంది.

ఇవేవీ నేను అల్లుడికి చెప్పలేదు సుమా. అతనే మడి చుట్టూ ఒకసారి నడిచాడు, తీగ ఎత్తి వేరు చూశాడు, ఇసుక వేలితో కొలిచాడు, బోదెలో చేయి ముంచాడు. దిగువ తూము దగ్గర ఆగాడు. కోసిన పలకల అంచులు తడిమాడు. తారు ఇంకా ఉంది.

“ఇది ఎవరు కట్టారు మామయ్యా?”

“నేనే.”

“ఓడ అడుగులా కట్టారు.”

“తప్పే నాయనా. తెరుచుకోలేదు.”

“ఎప్పటిదాకా?”

“మే ఇరవై ఆరు.”

కట్ట అవతల కాయ లేని పక్క మడిని చూశాడు, మళ్ళీ మనదాన్ని చూశాడు. తలలో ఏదో లెక్క నడుస్తోంది, నాకు తెలుస్తూనే ఉంది. నోరు విప్పకుండా ఉండటానికి టోపీ అంచు కొరుక్కున్నాను. చివరికి లేచి చేతులు తుడుచుకున్నాడు.

“మామయ్యా, తెరుచుకునే తూము కడదాం. కానీ వచ్చే ఏడు నేను చెప్పేదాకా దాన్ని ఎవరూ ఎత్తకూడదు.”

విన్నావా తల్లీ? వచ్చే ఏడు అన్నాడు! నేను చెప్పేదాకా అన్నాడు! నేను అక్కడే కూలబడ్డాను, కాయల బుట్ట మీద, మీ అమ్మ తిట్టింది.

ఈ ఉదయం వంతుదారులం గట్టు మీదే పీపాలెక్కి కూర్చుని సభ పెట్టాం. మడి పెత్తనానికి ఎల్నాథన్ బ్యాంగ్స్ పేరు నేను చెప్పబోతుంటే క్రాస్బీ నన్ను కూర్చోమన్నాడు. “నీ నోటితో చెబితే అల్లుడి పక్షపాతమంటారు, నేను చెబుతాను” అని తానే చెప్పాడు. అరవై నాలుగుకు అరవై నాలుగు! తర్వాత నా దగ్గరకొచ్చి, “బార్జిలై, నువ్వు తూము కట్టడం రానివాడివి కాబట్టే మనం బాగుపడ్డాం” అన్నాడు. “మీరు చక్రం తిప్పడం రానివారు కాబట్టి కూడా” అన్నాను. అయిదు నెలల తర్వాత ఇద్దరం చేయి కలిపాం.

అల్లుడు కోత అయ్యేదాకా కదలనంటున్నాడు. ఇప్పుడు మోకాళ్ళ మీద బెతయా వదిన వరసలోనే ఉన్నాడు, కోయడం రాదు, పండ్లకంటే ఆకులే ఎక్కువ కోస్తున్నాడు, ఆవిడ వేళ్ళ మీద కొడుతోంది. నిన్ను బయలుదేరి రమ్మన్నాడు. నీ చొక్కాల మూట ఎవరికైనా అప్పగించి, అతని సముద్రపు పెట్టె ఖాళీ చేసి, అందులో నీ బట్టలు సర్దుకుని రమ్మన్నాడు. ఈ వాక్యం అతనే చెప్పి రాయించాడు, నేను కల్పించలేదు.

బయలుదేరే ముందు వీళ్ళందరికీ చెప్పి రా:

థాంక్‌ఫుల్ పిన్నికి, జూన్ నుంచి మీ వైపే మకాం కాబట్టి అందరికంటే ముందు, గట్టిగా, పక్కింటివాళ్ళకు వినబడేలా.

ఫెయిర్‌హేవెన్‌లో మీ పెద్దమ్మకు, చెవుడు కాబట్టి కాగితం మీద రాసి.

డార్ట్‌మత్‌లో మీ అత్తగారికి. ఆవిడ చేయి పట్టుకుని మెల్లగా చెప్పు, కొడుకు ఇక నేల మీదే ఉంటాడని.

నా తమ్ముడు నేథనికి, దారిలో సాండ్‌విచ్‌లో బండి ఆగితే. వంతు కొనమంటే నన్ను చూసి నవ్వినవాడు. వాడికి పీపాల లెక్క మాత్రం చెప్పు, ఇంకేమీ అక్కర్లేదు.

వాడి ముగ్గురు కూతుళ్ళకు, ఒక్కొక్కరికీ విడివిడిగా.

చివరగా, మనకు చుట్టం కాకపోయినా, రేపు కాగితాలు పట్టుకుని మీ గుమ్మంలో నిలబడే ఆ ఓడ మనిషికి. మంచి గౌను వేసుకుని నువ్వే తలుపు తీయి. మా ఆయన పొద్దున్నే పనికి వెళ్ళాడని చెప్పు.